బతికినదే యోగ్యమా? యోగ్యత, మోడళ్లు, కలివికోడి గురించి అడిగిన విద్యార్థికి

ప్రొద్దుటూరులో బీఎస్సీ జువాలజీ చదివే విద్యార్థి ఒకరు మూడు ప్రశ్నలు అడిగారు. మొదటిది: "యోగ్యమైనవి బతుకుతాయి" అంటారు, ఏది యోగ్యమైనదని అడిగితే "బతికినది" అంటారు, ఇది చుట్టూ తిరిగి చింతచెట్టు కిందికే రావడం కాదా? రెండోది: హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం (బయటి ఒత్తిడి ఏదీ లేకపోతే జనాభాలో జన్యువుల వాటాలు తరతరాలకూ మారవని చెప్పే లెక్క) అంతులేని జనాభా ఉందనుకుని మొదలవుతుంది, అలాంటి జనాభా ఎక్కడా లేదు, మరి లేనిదాని మీద వేసిన లెక్క సైన్సు ఎలా అవుతుంది? మూడోది నాకు బాగా నచ్చింది: మా కడప కలివికోడి అంతరించిపోతే అది యోగ్యత లేని పక్షి అని అర్థమా?

నేను అనంతపురంలో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు ఈ పాఠమే చెప్పి రిటైరయ్యాను. మొదటి పదేళ్లు మీ మొదటి ప్రశ్న ఎవరైనా అడిగితే "అది పరీక్షలో రాదులే, కూర్చో" అని తప్పించుకునేవాణ్ణి. జవాబు తెలియక. కాబట్టి మీ లెక్చరర్ కూడా అలాగే అన్నారని మీరు రాసినదానికి ఆయన మీద కోపం పెట్టుకోకండి.

ముందు ఆ నినాదం సంగతి. "యోగ్యతములే బతుకుతాయి" అన్న మాట డార్విన్ పుట్టించింది కాదు. హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడాడు, డార్విన్ తన పుస్తకం ఐదో కూర్పులో, అంటే 1869లో, దాన్ని చేర్చుకున్నాడు. చేర్చుకోకుండా ఉంటే మనకు సగం తలనొప్పి తగ్గేది. సైన్సు అంటే తప్పని తేలడానికి వీలుండాలి అని వాదించిన తాత్వికుడు కార్ల్ పాపర్ అంతటివాడే 1974లో, ప్రకృతి వరణం (యోగ్యమైనవి ఎక్కువ సంతానం మిగిల్చి నిలవడం) పరీక్షకు నిలబడే సిద్ధాంతం కాదు, అదొక తాత్విక చట్రం అని రాశాడు. నాలుగేళ్లకు, 1978లో అచ్చయిన ఉపన్యాసంలో, ఆ అభిప్రాయం మార్చుకున్నానని ఒప్పుకున్నాడు. మీ స్నేహితులు వాదనలో మొదటి పాపర్‌ను తెస్తే మీరు రెండో పాపర్‌ను తీసుకురండి. కానీ పేర్లతో వాదన తెగదు, అసలు విషయం చూద్దాం.

మా ఇంట్లో చెనక్కాయ విత్తే ముందు అమ్మ ఒక పని చేసేది. విత్తనాల మూటలోంచి చేతికొచ్చినవి వచ్చినట్టు వంద గింజలు లెక్కపెట్టేది. మంచివి ఏరితే పరీక్ష చెడిపోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమెకే తెలుసు. తడిపిన గోనెసంచి ముక్క మీద వాటిని వరసగా పరిచి, చాప చుట్టినట్టు చుట్టి, నీళ్ల కుండ పక్కన పెట్టేది. రోజూ కాసిన్ని నీళ్లు చిలకరించేది. వారం లోపల విప్పి చూస్తే కొన్ని గింజలు తెల్లటి మొలక పొడుచుకుని ఉండేవి, కొన్ని ఉబ్బి మెత్తబడి వాసన వచ్చేవి. ఎనభైకి పైగా మొలిస్తే విత్తనం మంచిది. అరవై దగ్గర ఆగితే ఎకరాకు ఇంకొన్ని గింజలు ఎక్కువ వేయాలి. సర్టిఫైడ్ విత్తనానికి ప్రభుత్వ ప్రమాణం వేరుశనగలో కనీసం 70 శాతం మొలక.

ఇప్పుడు ఆలోచించండి. మూటలోని విత్తనానికి 82 శాతం మొలక ఉందని అమ్మ ఎప్పుడు చెప్పింది? విత్తక ముందే. ఆ విత్తనం చేలో పడ్డాక వాన రాలేదనుకోండి, ఒక్కటీ మొలవదు. అప్పుడు "ఈ విత్తనంలో సత్తువ లేదు" అని అంటామా? అనం. పక్క చేలో 55 శాతం విత్తనం మీద ఒక్క పదును పడి నిండుగా మొలిచిందనుకోండి, అది మేలైన విత్తనం అయిపోతుందా? కాదు. ఎద్దు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వానలు మా జిల్లావి. విత్తనం సత్తువ వేరు, దానికి చివరికి జరిగినది వేరు అన్న సంగతి ఇక్కడి రైతుకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

యోగ్యత అంటే ఆ మొలక శాతం లాంటిది. జరిగిపోయినదానికి వేసే మార్కు కాదు, ఒక చోట ఒక స్థితిలో ఎంత సంతానం మిగిల్చే మొగ్గు ఒక జీవికి ఉందో చెప్పే మాట. డబ్బాలో ఉన్న ఉప్పు ఎప్పుడూ నీళ్లలో పడకపోయినా కరిగే గుణం దానికి ఉన్నట్టే, ఈ మొగ్గు కూడా జీవికి ఉంటుంది, అది ఫలించినా ఫలించకపోయినా. దీన్ని 1979లో సుసాన్ మిల్స్, జాన్ బీటీ అనే ఇద్దరు తాత్వికులు పద్ధతిగా రాసి పెట్టారు. ఇలా చూస్తే "యోగ్యమైనది ఎక్కువ సంతానం మిగిలిస్తుంది" అన్నది "ఎక్కువ మొలక శాతం ఉన్న విత్తనం ఎక్కువ మొలుస్తుంది" అన్నట్టు. చాలాసార్లు నిజం, కొన్నిసార్లు కాదు. తప్పయ్యే వీలు ఉంది కాబట్టే అది చింతచెట్టు కిందికి తిరిగి రావడం లేదు.

ఇది ఊరికే మాటల గారడీ అనిపిస్తే, జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1927లో వేసిన లెక్క చూడండి. పెద్ద జనాభాలో ఒక జీవికి ఒక మంచి ఉత్పరివర్తనం (జన్యువులో మార్పు) వచ్చింది, దానివల్ల సంతానంలో ఒక శాతం మేలు ఉందనుకుందాం. అది నిలిచి చివరికి జనాభా అంతా పాకే అవకాశం ఆ మేలుకు సుమారు రెట్టింపు, అంటే రెండు శాతం. అంటే వందలో 98 సార్లు ఆ "యోగ్యమైన" జన్యువు మొదట్లోనే నశించిపోతుంది. యోగ్యత అంటే బతకడమే అయితే ఈ వాక్యం అర్థం లేనిది అయ్యుండాలి. కానీ దానికి చక్కటి అర్థం ఉంది, లెక్క కూడా ఉంది.

అయితే ఇక్కడితో కథ సుఖాంతం అని చెప్పను. మొగ్గు అన్నాం సరే, దాన్ని ఒక్క అంకెతో చెప్పగలమా? రెండు రకాల గడ్డి ఉన్నాయనుకోండి. మొదటి రకం మంచి ఏడాది మూడింతలు అవుతుంది, కరువు ఏడాది ఐదో వంతుకు పడిపోతుంది. రెండో రకం మంచి ఏడాది ఒకటిన్నర రెట్లు, కరువులో 0.8 రెట్లు. సగటు తీస్తే మొదటిది 1.6, రెండోది 1.15. సగటే యోగ్యత అయితే మొదటిదే గెలవాలి. కానీ ఒక మంచి ఏడాది, ఒక కరువు ఏడాది గడిచాక చూడండి. మొదటిది మూడు ఇంటూ 0.2, అంటే 0.6. ఉన్నదే తగ్గింది. రెండోది 1.5 ఇంటూ 0.8, అంటే 1.2. పెరిగింది. ఏడాది విడిచి ఏడాది కరువొచ్చే నేలలో సగటు తక్కువైన రకమే నిలుస్తుంది. చెనక్కాయ మధ్యలో కంది సాళ్లు, ఆముదం సాళ్లు వేసే రైతు ఈ లెక్క కాగితం మీద వేయడు, అంతే.

అంటే ఎన్ని తరాలు చూస్తాం, ఎంత ఒడిదుడుకులు ఉన్నాయి అన్నదాన్ని బట్టి యోగ్యత అంకె మారుతుంది. ఇది చిన్న చిక్కు కాదు. ఆ జాన్ బీటీయే 1989లో ఇంకొకరితో కలిసి తన నిర్వచనంలోనే ఇలాంటి చిక్కులు ఉన్నాయని రాశాడు. (ఈ బీటీకీ, నేను కిందికి వెళ్లాక చెప్పబోయే బీటీ పత్తికీ సంబంధం లేదు. క్లాసులో ఒకసారి ఈ పేరుతో పెద్ద గందరగోళం అయింది.) నా అభిప్రాయం అడిగితే, యోగ్యతకు ఒక్క నిర్వచనం కోసం పట్టుబట్టడం దండగ. ఏ ప్రశ్నకు జవాబు కోసం కొలుస్తున్నామో చెప్పి కొలిస్తే చాలు.

మీరు అడగని ఒక మాట ఇక్కడ కలపాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో "పురుగులు మందును తట్టుకోవడానికి మారాయి" అని రాశారు. పదేళ్ల కిందట ఆదోని వైపు ఒక నల్లరేగడి చేలో ఒక రైతు నాకు పత్తి కాయ ఒకటి కోసి చేతిలో పెట్టాడు. బయట నుంచి చూస్తే నిక్షేపంగా ఉంది. గోరుతో తొన విప్పితే లోపల దూది పసుపు రంగుకు తిరిగి అట్ట కట్టి ఉంది. రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కున్నాయి, వాటి మధ్య వేలి గోరంత కూడా లేని గులాబీ రంగు పురుగు. "పురుగు మందుకు అలవాటు పడింది సార్" అన్నాడు. జిల్లా అంతా అదే మాట. వ్యవసాయ శాఖ వాళ్లు కూడా అదే అంటారు.

మనిషి కారానికి అలవాటు పడతాడు. ఆ పురుగు మాత్రం దేనికీ అలవాటు పడలేదు. తట్టుకోలేని పురుగులు చచ్చాయి, తట్టుకునేవి పుట్టుకతోనే అలాంటివి, ఆ కొద్దివాటి పిల్లలే ఇప్పుడు చేలో ఉన్నాయి. మారింది పురుగు కాదు, పురుగుల జనాభాలో ఎవరి వాటా ఎంత అన్నది. ఒక్కో జీవి కథ చెప్పడం మానేసి జనాభా కథ చెప్పడం డార్విన్ తెచ్చిన అసలు మార్పు. మన భాష అందుకు సహకరించదు. "తట్టుకోవడానికి", "అందుకోవడానికి", "కోసం" అన్న మాటలు వాడగానే ఎవరో అనుకుని చేసినట్టు వినిపిస్తుంది. "తట్టుకునేవి మిగిలాయి" అని రాస్తే మార్కులు తగ్గవు, అర్థం సరిపోతుంది. నేనైతే "కోసం" అన్న మాటను పూర్తిగా నిషేధించను. గుండె రక్తం పంపడం కోసం ఉంది అనొచ్చు, ఎందుకంటే ఆ పని చేసినందువల్లే తరాల తరబడి గుండె నిలిచింది. లబ్‌డబ్ అని చప్పుడు చేయడం కోసం ఉంది అనకూడదు, డాక్టరుకు ఆ చప్పుడు ఎంత పనికొచ్చినా సరే.

ఈ తేడానే తాత్వికుడు ఎలియట్ సోబర్ 1984లో ఒక పిల్లల ఆటబొమ్మతో చెప్పాడు. మనకు కాయ ఒలిచే మిల్లు చాలు. ఒలిచిన పప్పు జల్లెడ మీద పడుతుంది, లావు గింజలు పైన నిలుస్తాయి, సన్నవి కిందికి రాలతాయి. వాన సరిగా లేని ఏడాది సన్నగింజల్లో ఎక్కువ భాగం పాలిపోయి ముడతలు పడినవే. కింద రాలిన కుప్ప చూసి "ఈ జల్లెడ పాలిపోయిన గింజల్ని ఏరుతుంది" అంటే తప్పు. జల్లెడకు రంగు కనపడదు. రాలినవి పాలిపోయిన గింజలే, కానీ రాలింది సన్నగా ఉన్నందువల్ల. పరిణామంలో ప్రతి గుణాన్ని చూసి "దీనివల్ల లాభం ఏమిటి" అని అడిగే ముందు, ఇది జల్లెడ పట్టిన గుణమా, లేక దానితో పాటు జారి వచ్చిన గుణమా అని అడగాలి. మన రక్తం ఎర్రగా ఉండటం వల్ల లాభం ఏమీ లేదు. ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌లోని ఇనుముతో కూడిన భాగం వెలుతురులో అలా కనిపిస్తుంది, అంతే.

జీవశాస్త్రవేత్తలు గూల్డ్, లెవాంటిన్ 1979లో వెనిస్ చర్చి కప్పు కింద కమానుల మధ్య మిగిలే మూలల గురించి రాసిన వ్యాసం మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. అంత దూరం పోనక్కర లేదు, మీ ఇంటి మెట్ల కింద చూడండి. గ్యాస్ సిలిండరో, కుట్టు మిషనో, పాత పేపర్లో ఉంటాయి. సిలిండర్ సరిగ్గా పడుతుంది కాబట్టి సిలిండర్ పెట్టడానికే మెట్లను ఏటవాలుగా కట్టారు అని ఎవరైనా అంటే నవ్వుతాం. మెట్లు కడితే ఆ జాగా దానంతట అదే మిగిలింది, మనం వాడుకున్నాం. జీవశాస్త్రంలో మాత్రం అలాంటి కథలు నవ్వకుండా చెబుతుంటాం.

ఇక మోడళ్లు. మీ ప్రశ్నలో న్యాయం ఉంది. హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం 1908 నాటిది. ఆ హార్డీ మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీయే. తనతో క్రికెట్ ఆడే పన్నెట్ అనే జన్యుశాస్త్రవేత్త అడిగితే, ఇంత తేలిక లెక్కకు నన్నెందుకు అడిగారన్నట్టు ఒక చిన్న ఉత్తరం రాసి పంపాడు. జర్మనీలో వైన్‌బర్గ్ అనే డాక్టరు విడిగా అదే కనుక్కున్నాడు. ఇందులో జనాభా అంతులేనిది, ఉత్పరివర్తనాలు లేవు, వలసలు లేవు, వరణం లేదు, ఎవరు ఎవరితో జతకడతారన్నది పూర్తిగా యాదృచ్ఛికం. ఇందులో ఒక్కటీ లోకంలో పూర్తిగా నిజం కాదు. మా రాయలసీమలో అయితే ఆ చివరిది మరీ కాదు, మేనరికాలు ఉన్నాయి కదా.

సరే, ఆ అబద్ధంతోనే లెక్క మొదలుపెడదాం. ఒక అంతర్గత జన్యువు, అంటే రెండు ప్రతులు ఉంటేనే జబ్బు తెచ్చేది, జనాభాలో వందకు ఒకటి చొప్పున ఉందనుకోండి. యాదృచ్ఛికంగా పెళ్లిళ్లు జరిగితే జబ్బుతో పుట్టే పిల్లలు వందో వంతు ఇంటూ వందో వంతు, పదివేలకు ఒకరు. ఇప్పుడు మేనత్త కొడుకుకో మేనమామ కొడుకుకో ఇచ్చి చేశారనుకోండి. బిడ్డకు రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుడి ప్రతి చేరే అవకాశం పదహారింట ఒకటి. దాన్ని కలిపితే పదివేలకు సుమారు ఏడుగురు. అక్క కూతుర్నే చేసుకుంటే ఆ అవకాశం ఎనిమిదింట ఒకటి, లెక్క సుమారు పదముగ్గురు. ఇది అలాంటి ఒక్క జన్యువు లెక్క. మేనరికంలో పుట్టిన పిల్లలందరికీ జబ్బులని కాదు, పదివేలలో 9,987 మందికి ఆ జబ్బు లేదు. కానీ ఒకటి ఎక్కడ, పదమూడు ఎక్కడ?

ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చింది? "అబద్ధపు" మోడల్ నుంచే. అది లేకపోతే మేనరికం వల్ల ఎంత పెరిగిందో చెప్పడానికి పోలిక ఉండదు. గోడ వంకరగా ఉందని చెప్పాలంటే తాపీ మేస్త్రీ గుండు దారం వేలాడదీయాలి. లోకంలో ఏ గోడా దారం అంత నిటారుగా ఉండదు, అయినా ఎవరూ దారాన్ని అబద్ధం అనరు. మోడల్ నిజమా అబద్ధమా అని కాకుండా, ఏ విషయంలో అబద్ధమో ముందే చెప్పిందా లేదా అని అడగాలని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి. హార్డీ–వైన్‌బర్గ్ తన అబద్ధాలన్నీ మొదటి వరసలోనే రాసిస్తుంది. అంత నిజాయతీ మన వాగ్దానాల్లో కూడా ఉండదు.

ఇలాంటి లెక్కల మీద అసలు జీవశాస్త్రవేత్తలకే చిరాకు ఉండేది. ఎర్నెస్ట్ మేయర్ 1959లో, ఇవన్నీ సంచిలో రంగు గింజలు వేసి తీసే లెక్కలు, జన్యువులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి పనిచేస్తాయని మరిచిపోయారు అని వెక్కిరించాడు. దానికి గింజల సంచిని సమర్థిస్తూ హాల్డేన్ 1964లో ఘాటుగా, సరదాగా జవాబు రాశాడు. అప్పటికి ఆయన ఇంగ్లండు వదిలి 1957లో మన దేశానికి వచ్చేసి, భారత పౌరసత్వం తీసుకుని, భువనేశ్వర్‌లో ఉంటున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రలో మేనరికాల మీదే పరిశోధన చేశారు. ఆ జవాబు రాసిన 1964లోనే డిసెంబరులో హాల్డేన్ చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. పాఠానికి సంబంధం లేని ముక్కే, కానీ ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి.

జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెవిన్స్ 1966లో అన్న మాట కూడా గుర్తుపెట్టుకోండి. మోడల్ అన్నిచోట్లా వర్తించాలి, వాస్తవానికి దగ్గరగా ఉండాలి, కచ్చితమైన అంకె ఇవ్వాలి అని మూడూ ఒకేసారి కోరితే దొరకవు, ఒకటి వదులుకోవాల్సిందే అన్నాడు. దీనిమీద తర్వాత చాలా తగవులు వచ్చాయి, వాటి జోలికి పోను.

మోడల్‌లోని ఊహ తప్పితే ఏమవుతుందో చూడాలంటే ఆదోని చేలోకే తిరిగి వెళ్దాం. బీటీ పత్తికి, అంటే పురుగును చంపే విషం తనలోనే తయారయ్యేలా ఒక బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తికి, మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. పురుగులు దాన్ని తట్టుకునేలా అవుతాయని ముందే తెలుసు, అందుకే ఒక మోడల్ సిద్ధం చేశారు. తట్టుకునే జన్యువు అరుదు, అది అంతర్గతం, విషం మోతాదు ఎక్కువ. కాబట్టి ఒక్క ప్రతి ఉన్న పురుగు కూడా చస్తుంది, రెండు ప్రతులున్న ఏ ఒకటో రెండో మిగులుతాయి. పక్కనే బీటీ లేని పత్తి కొన్ని సాళ్లు వేస్తే అక్కడ మామూలు పురుగులు బోలెడు పెరుగుతాయి. మిగిలిన ఆ ఒకటీ రెండూ వాటితోనే జతకడతాయి, పిల్లలకు ఒక్క ప్రతే చేరుతుంది, బీటీ చేలో అవి చస్తాయి. అందమైన మోడల్. అందుకే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ ప్యాకెట్ ఇచ్చేవాళ్లు.

ఆ చిన్న ప్యాకెట్ ఏమైందో పత్తి పండించిన ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. గట్టున పారేసినవాళ్లు ఉన్నారు. పురుగుకు మేపడానికి నా భూమి ఎందుకివ్వాలి అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పు పట్టలేను, రెండెకరాల రైతుకు ప్రతి సాలూ లెక్కే. ఇంకో చిక్కు విత్తనంలోనే ఉంది. మన దగ్గర అమ్మినవి హైబ్రిడ్లు, మొక్కలో బీటీ జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉంటుంది. దాని కాయలో పుట్టే గింజల్లో సుమారు నాలుగింట మూడింటికే విషం ఉంటుంది, నాలుగోదానికి ఉండదు. గులాబీ పురుగు తినేది ఆ గింజల్నే. అంటే మోతాదు ఎక్కువ అన్న ఊహ ఒక్క కాయ లోపలే చెడింది. ఒక ప్రతి ఉన్న పురుగు విషం లేని గింజతో కడుపు నింపుకుని బతకగలదు. మోడల్ ప్రకారం చావాల్సినది అదే.

2010 నాటికి గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి జన్యువు విషాన్ని తట్టుకుంటోందని బయటపడింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల రకాన్ని కూడా తర్వాత తట్టుకుంది. అదే పురుగును అమెరికాలో 2018లో పూర్తిగా నిర్మూలించామని ప్రకటించారు. అక్కడ రైతులు మొదటి నుంచీ నాన్‌బీటీ సాళ్లు వేశారు, తర్వాత వంధ్య పురుగులను కోట్ల సంఖ్యలో వదిలారు. పురుగు ఒకటే, మోడల్ ఒకటే. అందుకని "మోడల్ ఫెయిలైంది" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఏ ఊహ ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించగలిగాం కదా, అది ఆ మోడల్ రాసి ఉన్నందువల్లే.

మిగిలింది మీ కలివికోడి. ముందు వాస్తవాలు: డాక్టర్ జెర్డాన్ ఈ పక్షిని 1848లో నమోదు చేశాడు. 1900లో మా అనంతపురం దగ్గర కనిపించిన తర్వాత మళ్లీ ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర తిరిగి దొరికింది. దానికోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రి తిరిగే పక్షి, ముళ్లపొదల మధ్య అక్కడక్కడా ఖాళీ నేల ఉన్న చోటే ఉంటుంది.

ఇది యోగ్యత లేని పక్షా అన్న ప్రశ్నలో రెండు పొరపాట్లు దాగి ఉన్నాయి. యోగ్యత ఒక జాతికి ఇచ్చే ర్యాంకు కాదు. ఒకే జనాభాలో, ఒకే చోట, ఈ గుణం ఉన్న పక్షికీ లేని పక్షికీ మధ్య తేడా చెప్పే మాట. కలివికోడినీ ఊరి కాకినీ ఒక స్కేలు మీద పెట్టలేం. ఇంకా, చోటు మారితే మొగ్గు మారుతుంది. ఆ పొదలు కొట్టి చదును చేస్తే, కాలువ తవ్వితే, నిన్నటి దాకా ఆ పక్షిని నిలబెట్టిన గుణాలే పనికిరాకుండా పోతాయి. 82 శాతం మొలకున్న విత్తనాన్ని బండ మీద చల్లి విత్తనం చెడ్డదనడం లాంటిది అది.

రెండో పొరపాటు, అదృష్టాన్ని మరిచిపోవడం. సంఖ్య తగ్గితే వరణం కంటే యాదృచ్ఛికమే పెత్తనం చేస్తుంది. దీన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటాం. సమానంగా సంతానం కనే అవకాశం ఉన్న యాభై పక్షుల గుంపు ఉందనుకోండి, ప్రతి తరంలో దాని జన్యు వైవిధ్యంలో వందో వంతు ఏ కారణమూ లేకుండానే పోతుంది. అలాంటి గుంపులో ఒక శాతం మేలు చేసే జన్యువు ఉన్నా లేనట్టే, పాచికల ఆటలో కొట్టుకుపోతుంది. పరిణామంలో అణువుల స్థాయి మార్పుల్లో ఎక్కువ భాగం ఇలా లాభనష్టాలు లేనివే అని జపాన్ జన్యుశాస్త్రవేత్త మోటో కిమురా 1968లో వాదించి పెద్ద దుమారం లేపాడు. డ్రిఫ్ట్ ఒక కారణమా, లేక మనం తర్వాత వేసుకునే లెక్కకు పెట్టిన పేరు మాత్రమేనా అని 2002 నుంచి తాత్వికులు రెండు జట్లుగా కొట్టుకుంటున్నారు. నాది మొదటి జట్టు. వాన ఒక చేలో పడి పక్క చేలో పడకపోవడం లెక్క కాదు, నిజంగా జరిగేదే.

జాతి అన్న మాట గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే మీరు దాన్ని గీత గీసినట్టు ఉంటుందనుకుని రాశారు. తమలో తాము కలిసి సంతానం కనేవి ఒక జాతి అని మేయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం కలివికోడికి సరిపోతుంది. మన చెనక్కాయ దగ్గర అది తడబడుతుంది. దక్షిణ అమెరికాలో రెండు అడవి మొక్కలు, ఒక్కోదానికి 20 క్రోమోజోములు, కలిసి వాటి సంఖ్య రెట్టింపై 40 క్రోమోజోముల మొక్క పుట్టింది. అదే మన పంట. తల్లి వైపూ తండ్రి వైపూ కలవలేని కొత్త జాతి, లక్షల ఏళ్లు కాదు, దాదాపు ఒక్క అంగలో. పైగా చెనక్కాయ చాలావరకు తన పువ్వులో తానే పరాగసంపర్కం చేసుకుంటుంది, "తమలో తాము కలవడం" అన్న మాటకు అక్కడ అంత పని లేదు. కర్నూలు వైపు బుడ్డలనండి, మేం చెనక్కాయ అంటాం, పేరు ఏదైనా నిర్వచనం పుస్తకంలో ఉన్నంత నున్నగా ఉండదు.

సెమినార్‌లో ఏది చెప్పాలో అడిగారు కాబట్టి: మేనరికం లెక్క తీసుకోండి. బోర్డు మీద ఐదు నిమిషాల్లో వేయొచ్చు, వందో వంతు బదులు యాభయ్యో వంతు పెట్టి ముందే ఒకసారి వేసి చూసుకోండి. యాదృచ్ఛికంగా అయితే పదివేలకు నాలుగు, అక్క కూతురి సంబంధంలో సుమారు ఇరవై ఎనిమిదిన్నర వస్తుంది. రాకపోతే మళ్లీ రాయండి, ఎక్కడ తప్పారో చూద్దాం.